కొత్త ట్రాక్టరు రేడియేటరులో నీరు తగ్గుచున్నచో

దమ్ముల కాలములో గ్రామములకు వెళ్ళినప్పుడు తెగుళ్ళను గురించి ఎంతమంది అడుగుదురో, ట్రాక్టరును గురించియు దాదాపు అంతమంది అడుగుచున్నారు. అందులో ఒక ప్రశ్న మాటిమాటికి వచ్చుచున్నది. “కొత్త బండేనండీ, ఇంకా రెండేళ్ళు కాలేదు. రెండు రోజులకొకసారి రేడియేటర్లో నీళ్ళు పొయ్యాల్సి వస్తోంది. కింద చూస్తే చుక్క కనపడదు. షాపులో అడిగితే కొత్త బండికి అంతేలే అంటున్నారు.”

ఇట్లడిగిన రైతు ఏమి చేయుచున్నాడు? ఉదయము సీసాడు నీరు పోసి పొలమునకు పోవుచున్నాడు. సాయంకాలమునకు ఆ సంగతి మరచిపోవుచున్నాడు. ఈలోగా వారంటీ గడువు గడచిపోవుచున్నది. గడువు తీరిన మరునాడు ఇంజను విప్పవలసి వచ్చినచో ఆ ఖర్చంతయు రైతు నెత్తిననే పడును. బ్యాంకు వాయిదా మాత్రము ఆగదు. నీరు పోయుట మరమ్మతు కాదు. ఎన్ని గంటల పనికి ఎంత నీరు తగ్గినదో వ్రాసియుంచుకొని, అది పోవు దారిని గడువు లోపలనే పట్టుకొనవలెను. ఆ పద్ధతిని ఇచ్చట వివరించుచున్నాను.

డీజిలు వలె రేడియేటరు నీరు ఖర్చయ్యే వస్తువు కాదు. పంపు ఆ నీటిని ఇంజను దిమ్మలోని దారులగుండా నడిపి, వేడిని గ్రహింపజేసి, రేడియేటరునకు పంపును. అక్కడ ఫ్యాను గాలికి చల్లబడి తిరిగి ఇంజనులోనికే వచ్చును. ఈ నీరు మూతపెట్టిన కుండలో తిరుగుచున్నట్టిది. రేడియేటరు మూత మామూలు మూత కాదు. దానిలో స్ప్రింగు ఉండి లోపల కొంత ఒత్తిడిని నిలుపును. మామూలుగా 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగు నీరు, చదరపు సెంటీమీటరుకు అర కిలో ఒత్తిడి అదనముగా నున్నచో సుమారు 111 డిగ్రీల వరకు మరుగదు. మూత చెడినచో ఈ లాభము పోవును. నీరు ముందుగానే మరిగి బయటికి పోవును.

అయితే తగ్గిన ప్రతి చుక్కయు లోపమని భయపడనక్కరలేదు. నీరు వేడెక్కినప్పుడు పెరుగును. 30 డిగ్రీల వద్ద 10 లీటర్లున్న నీరు 90 డిగ్రీలకు చేరినచో సుమారు 300 మిల్లీలీటర్లు పెరుగును. మెడవరకు నింపిన రేడియేటరులో ఆ పెరిగిన నీటికి చోటుండదు గనుక ఓవర్‌ఫ్లో పైపుగుండా క్రింద పడిపోవును. మరునాడు డ్రైవరు మూత తీసి, తగ్గినదని తిరిగి మెడవరకు నింపును. ఆ రోజు మరల అంతే పోవును. ఇట్టి బండికి జబ్బు లేదు, జబ్బంతయు నింపుటలోనే యున్నది. కంపెనీ పుస్తకములో చెప్పిన మట్టమునకే నింపవలెను. ప్రక్కన ప్లాస్టిక్ డబ్బా గల నమూనాలలో పెరిగిన నీరు ఆ డబ్బాలోనికి పోయి, చల్లారిన తరువాత తిరిగి రేడియేటరులోనికే వచ్చును. డబ్బా మీద రెండు గీతలుండును. నీరు ఆ రెండింటి నడుమ ఉన్నచో చాలును.

కనుక మొదట నిజముగా నీరు పోవుచున్నదా, లేదా అని తేల్చుకొనవలెను. ఉదయము ఇంజను పూర్తిగా చల్లగా నున్నప్పుడు, బండిని చదునైన నేల మీద నిలిపి చూడవలెను. వేడిగా నున్నప్పుడు మూత తీయరాదు. ఒత్తిడిలో నున్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖమును, చేతులను కాల్చును. కాగిన ఇంజనులో చన్నీరు పోయుటయు ప్రమాదమే. హెడ్డు బీటలు వారవచ్చును.

ఒక లీటరు సీసా మీద వంద మిల్లీలీటర్ల కొకటి చొప్పున గీతలు పెట్టుకొని దానితోనే నీరు పోయవలెను. ఒక నోటుపుస్తకములో తేదీ, గంటల మీటరు అంకె, పోసిన నీరు, ఆనాడు చేసిన పని అను నాలుగు గళ్ళు గీసికొనవలెను. చివరి గడి చిన్నదని విడువరాదు. చాలాసార్లు గుట్టు అక్కడనే బయటపడును. ఐదారు పనిదినములు వ్రాసినచో, మట్టము ఒకచోట నిలిచినదో, దిగుచునే యున్నదో స్పష్టమగును.

దిగుచునే యున్నట్లయిన మొదట బయట వెదకవలెను. రాత్రి ఇంజను క్రింద ఒక పెద్ద అట్టముక్క పరచి తెల్లవారుజామున చూడవలెను. కొన్ని కారుటలు చల్లగా నున్నప్పుడే కనబడును. రబ్బరు పైపు, దాని క్లిప్పు చలికి ముడుచుకొని సందు ఏర్పడును, ఎండెక్కగానే ఆ సందు మూసుకొనును. మధ్యాహ్నము చూచినవానికి చుక్క కనబడదు. కొన్ని కారుటలు దీనికి వ్యతిరేకము. ఒత్తిడి, వేడి ఉన్నప్పుడే చెమ్మగిల్లి, కాలుచున్న ఇనుము మీదనే ఆవిరియై పోవును. అట్టి చోట చుక్క దొరకదు గాని మరక దొరకును. కూలెంటు కలిపిన నీరు ఎండినచోట దాని రంగును బట్టి పచ్చని, ఎఱ్ఱని లేదా నీలపు పొడి వంటి చార నిలుచును. వట్టి బోరునీరైనచో తెల్లని సున్నపు చార ఏర్పడును.

చార వెదకవలసిన చోట్లు కొన్ని కలవు. పై పైపు, క్రింది పైపు రెండు కొసలు, రేడియేటరు క్రింది కుళాయి, థర్మోస్టాటు గూడు, ఇంజను దిమ్మ ప్రక్కన నాణెముల వలె బిగించిన రేకు బిళ్ళలు, రేడియేటరు అతుకులు చూడవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది నీటి పంపు అడుగున నుండు చిన్న రంధ్రము. పంపులోని సీలు అరిగినచో నీరు లోపలి బేరింగులోనికి పోకుండ బయటికి వచ్చుటకే ఆ రంధ్రమును పెట్టిరి. అక్కడ నీరు కారుచున్నదని కొందరు దానిని ఎం-సీల్‌తో మూసివేయుచున్నారు. అది కాపలా కుక్క నోరు కట్టివేయుట వంటిది. సీలు మార్పించవలెను గాని రంధ్రమును మూయరాదు.

బయట ఎక్కడను తడిగాని, చారగాని లేనట్లయిన నీరు మూతగుండానైన పోవుచుండవలెను, ఇంజను లోపలికైన పోవుచుండవలెను. ఇంజను నూనె కొలబద్ద తీసి చూడవలెను. నూనె పాలు కలిపిన టీ రంగునకు మారినను, పోయకుండగనే మట్టము పెరిగినను నీరు నూనెలో కలిసినదని అర్థము. అట్టి బండిని ఒక్క గంటయైనను నడుపరాదు. నీరు కలిసిన నూనె బేరింగులను కాపాడలేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ పొగగొట్టమునుండి తెల్లని పొగ విడువకుండ వచ్చుచు, తీపి వాసన వేయుచున్నచో కూలెంటు సిలిండరులో కాలుచున్నదని అనుమానింపవలెను. చల్లని ఇంజనును నడిపిన కొద్ది నిమిషములకే, నీరింకను కాగకముందే, పై రబ్బరు పైపు రాయివలె గట్టిపడినచో సిలిండరులోని గ్యాసు నీటిదారిలోనికి చొరబడుచున్నదేమో చూడవలెను.

ఈ సందర్భమున నేను పొరపడిన సంగతి యొకటి చెప్పవలెను. మా పరిధిలోని ఒక రైతు కొత్త ట్రాక్టరు విషయమై నా యొద్దకు వచ్చెను. అది ప్లాస్టిక్ డబ్బా లేని నమూనా. దమ్ము చేయుచుండగా రేడియేటరు ముందరి జాలి గడ్డితో, బురదతో నిండియుండుట చూచి, “ఇదే కారణము, శుభ్రముగా కడుగుము” అని చెప్పి పంపితిని. కడుగుట మంచిదే గాని నీరు తగ్గుట ఆగలేదు. నా మాట నమ్మి ఆయన మూడు వారములు పోగొట్టుకొనెను. సర్వీసు కేంద్రమునకు రెండుసార్లు తీసికొనిపోగా నీరు నింపి, క్లిప్పులు బిగించి పంపిరి. ఒత్తిడి పరీక్ష చల్లని ఇంజను మీద చేసిరట, ముల్లు దిగలేదట.

అప్పుడు పుస్తకము వ్రాయించితిని. విత్తనములు వేసిన మూడు రోజులు నీరు కొంచెమైనను తగ్గలేదు. దమ్ము చేసిన రోజులలోను, ధాన్యపు బస్తాలతో ట్రక్కు లాగిన రోజులలోను ఇంచుమించు లీటరు చొప్పున తగ్గినది. అనగా ఇంజను బలము పెట్టినప్పుడే నీరు పోవుచున్నది. ఓవర్‌ఫ్లో పైపు కొసను ఒక ఖాళీ సీసాలో వదులుగా ఉంచి తాడుతో కట్టించితిని. సీసా మూతిని బిగించకూడదు. సాయంకాలమునకు ఆ సీసాలో లీటరుకు కొంచెము తక్కువగా నీరు చేరినది. దీనితో చిక్కు సగము విడిపోయినది. నీరు ఇంజనులోనికి పోవుటలేదు, మూతగుండానే పోవుచున్నది. కొత్త మూత వేయించిరి. మరునాడు సీసా మరల నిండెను. మూత మంచిదైనప్పుడు నీటిని బయటికి త్రోయుచున్న దేమి?

సర్వీసు కేంద్రములో రేడియేటరు మెడ మీద నీలిరంగు ద్రవము గల గొట్టము పెట్టి చేయు పరీక్ష యొకటి కలదు. ఇంజను గ్యాసు తగిలినచో ఆ ద్రవము పసుపుపచ్చగా మారును. బరువు లేకుండ నడిపినప్పుడు రంగు మారలేదు. ట్రక్కు కట్టి రోడ్డు మీద అరగంట లాగించి, ఆ వేడి తగ్గకముందే చేయించగా ద్రవము పచ్చబడినది. హెడ్డు విప్పి చూడగా ఒక సిలిండరునకు, నీటిదారికి నడుమ గాస్కెట్టు మీద సన్నని కాలిన గీత కనబడినది. హెడ్డు చదునుగా నున్నదా యని బద్ద పెట్టి చూచి కొత్త గాస్కెట్టు వేసిరి. ఖర్చు కంపెనీయే భరించినది. అప్పటికి గడువు తీరుటకు మూడు వారములు కూడ లేదు.

ఆ పని జరుగుటకు కారణము మూడు పుటల నోటుపుస్తకమే. “నీళ్ళు తగ్గుతున్నాయి” అని చెప్పిన రైతుకు సర్దిచెప్పి పంపవచ్చును. ఏ పనికి, ఎన్ని గంటలకు, ఎన్ని మిల్లీలీటర్లు తగ్గినదో చూపిన రైతును అట్లు పంపుట కష్టము. కనుక మీరును ఒత్తిడి పరీక్ష చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి చేయుమని అడుగవలెను. లోపము బరువు పనిలోనే కనబడుచున్నచో బరువుతోనే పరీక్షింపుమని కోరవలెను.

ట్రాక్టరు వారంటీ సాధారణముగా ఇన్ని సంవత్సరములు లేదా ఇన్ని గంటలు, ఏది ముందైన అది అను నియమము మీద ఉండును. క్యాలెండరు చూచుకొని ధీమాగా నున్నవారు గంటల మీటరు చూచికొని ఉలిక్కిపడుట నేనెరుగుదును. బండిని షాపులో ఇచ్చినప్పుడు జాబ్ కార్డులో ‘జనరల్ సర్వీసు’ అని వ్రాసి సంతకము పెట్టుమందురు. సంతకమునకు ముందు ‘రేడియేటరు నీరు తగ్గుచున్నది, ఇన్ని గంటలకు ఇంత’ అని వ్రాయించి నకలు తీసికొనవలెను. గడువు లోపల ఫిర్యాదు నమోదైనదని చూపుటకు ఆ కాగితమే ఆధారము. నోటుపుస్తకము పుటలకు ఫోనుతో ఫొటోలు తీసియుంచుట మేలు. ఊరి మెకానిక్కు చేత హెడ్డు విప్పించరాదు. కారుట ఆగునని రేడియేటరులో పసుపు పొడియో, బజారులో దొరకు మందో పోయుట కొందరికి అలవాటు. సన్నని గొట్టములలో అది గడ్డకట్టి ఉన్న రేడియేటరును పాడుచేయును, వారంటీ నిరాకరించుటకు షాపువారికి సాకును ఇచ్చును.

నోటిమాటకు పని కాకున్నచో షాపునకు, కంపెనీకి స్పీడు పోస్టులో ఉత్తరము వ్రాయవలెను. అప్పటికిని కదలిక లేనియెడల జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై ఫోను చేయవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషను ఎదుట ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఫిర్యాదుకు కారణమేర్పడిన నాటినుండి రెండు సంవత్సరములలోగా చేయవలెను. స్వయముపాధిగా తన జీవనోపాధి కొరకే ట్రాక్టరు నడుపుకొనువాడును ఆ చట్టము దృష్టిలో వినియోగదారుడే.

గ్రామాధికారులకు ఒక మనవి. రైతు సంఘముల అద్దె యంత్రములను పలువురు డ్రైవర్లు నడుపుదురు. నీరు పోసినవాడు మరియొకనికి చెప్పడు. అట్టి బండ్లకు పైన చెప్పిన పుస్తకమును సీటు క్రింద పెట్టించి, వారమునకొకసారి మీరు చూచి సంతకము పెట్టినచో లోపము తొందరగా బయటపడును. యంత్రములను నడుపుట, కాపాడుట నేర్చుకొన గోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ ఇచ్చుచున్నారు.

చివరిగా పోయవలసిన నీటిని గురించి. సున్నము గల బోరునీరు పోసినచో ఇంజను లోపల కుండ అడుగున వలె పెచ్చు కట్టి వేడి బయటికి పోనీయదు. కంపెనీ పుస్తకములో చెప్పిన కూలెంటును చెప్పిన పాళ్ళలో శుద్ధజలముతో కలిపి పోయవలెను. కూలెంటులలో సామాన్యముగా నుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండును. పశువులు, కుక్కలు నాకి త్రాగినచో మూత్రపిండములు చెడి చనిపోవును. కనుక సీసాలో పట్టిన నీటిని గాని, రేడియేటరునుండి తీసిన పాత కూలెంటును గాని పశువుల కొట్టము దగ్గరను, కాలువలోను పారబోయరాదు. పిల్లలకందని చోట, మూతగల డబ్బాలో నిలువచేసి, బండిని సర్వీసుకు తీసికొనిపోవునప్పుడు అక్కడ అప్పగించవలెను.