చిన్న బోర్డు మీద రోస్: కొన్న పిండా, ఇంట్లో రుబ్బిన పిండా?

2025 అక్టోబరులో రోస్‌కాన్ అనే రోబో ఇంజనీర్ల సభ మన సింగపూర్‌లోనే జరిగింది. రోస్ అంటే రోబోలను నడిపించడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్. రోబో కెమెరా చూసిన సంగతి చక్రాలకు చేరాలి కదా! ఆ కబురు మోసేది రోస్. చాంగి జనరల్ ఆసుపత్రితో కలిసి పెంచిన ఓపెన్-ఆర్‌ఎంఎఫ్ కూడా రోస్ 2 మీదే నడుస్తుంది. వేర్వేరు కంపెనీల రోబోలు, లిఫ్టులు, తలుపులు కలిసి పనిచేయడానికి అది సాయపడుతుంది.

పిల్లలు రోస్ నేర్చుకోవడానికి అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు చాలు. దారులు రెండు ఉన్నాయి.

మొదటి దారి సులువు. బోర్డులో 64 బిట్ల ఉబుంటు 24.04 వేయండి. దానికి రోస్ 2 జాజీ ప్యాకేజీలు సిద్ధంగా దొరుకుతాయి. కొట్లో కొన్న ఇడ్లీ పిండి లాంటిది ఇది. జాజీకి 2029 మే వరకు మద్దతు ఉంటుంది.

రెండో దారి ఇంట్లో పిండి రుబ్బుకోవడం. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో కెమెరా సులువుగా పనిచేస్తుంది. కానీ జాజీ తయారుచేసేవారు దానికి ప్యాకేజీలు ఇవ్వరు. అసలు కోడ్ తెచ్చుకుని మనమే కంపైల్ చేయాలి. అంటే, మనిషి రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. కోడ్ తేవడానికి వీసీఎస్, దానికి కావలసిన ఇతర సామాను తేవడానికి రోస్‌డెప్, కంపైల్ చేయడానికి కోల్‌కాన్ అనే పనిముట్లు ఉన్నాయి.

ఇక్కడే పిల్లలు దిగులుపడతారు. సగంలో పని ఆగిపోతుంది. తెర మీద "కిల్డ్" అని కనిపిస్తుంది. "టీచర్, బోర్డు పాడైంది, పారేద్దామా?" అంటారు. బోర్డు పాడవలేదు. దానికి మెమరీ చాలలేదు, అంతే. హెచ్‌డీబీ ఇంటి చిన్న వంటగదిలో నలుగురు ఒకేసారి వంట చేస్తే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. బోర్డులోని నాలుగు కోర్లూ ఒకేసారి కంపైల్ చేస్తే 2 జీబీ మెమరీ నిండిపోతుంది. ఒక్కొక్క పనే చేయమని కోల్‌కాన్‌కూ, మేక్‌కూ చెప్పండి. స్వాప్ స్థలం పెంచండి. గంటల సమయం పడుతుంది, కానీ పూర్తవుతుంది. మధ్యలో ఆగినా భయం లేదు. మళ్లీ మొదలుపెడితే, పూర్తయిన భాగాలను మళ్లీ మొదటి నుంచి చేయదు.

చివరికి రెండు టెర్మినళ్లు తెరవండి. రెండింటిలోనూ ముందుగా రోస్ సెటప్ ఫైలును సోర్స్ చేయండి. ఒకదానిలో టాకర్, రెండోదానిలో లిజనర్ నడపండి. ఒకటి చెప్పింది రెండోది వింటే రోస్ సరిగ్గా పనిచేస్తున్నట్టే.

సింగపూర్ బడుల్లో హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ నేర్చుకునే ఏర్పాటు ఉంది. తెలుగుకు లేదు. అందుకే తోటల్లో పనికి వచ్చిన మన పెద్దల భాషను గుడి తరగతుల్లో ఒక్కొక్క అక్షరంగా నేర్చుకున్నాం. సిద్ధంగా దొరకనిదాన్ని ఓపికగా తయారుచేసుకోవడం మనకు కొత్త కాదు. మీ ఇంట్లో పాత బోర్డు ఉంటే పారేయకండి. ఈ సెలవుల్లో పిల్లలతో కలిసి రెండో దారి ప్రయత్నించండి. ఆ మాటలన్నీ తెలుగులోనే చెప్పుకోండి.