పెద్ద సినిమాకి ఆగొచ్చు.. చిన్న సినిమాకి ఆగొద్దు!

ఫస్ట్ డే ఫస్ట్ షో పిచ్చి నాకూ ఉంది. కానీ ఈమధ్య రూటు మార్చా. ఎందుకంటే.. స్టార్ హీరో సినిమాకి మొదటి రోజుల్లో ప్రభుత్వ అనుమతితో టికెట్ రేట్లు పెంచుతున్నారు. ఆ గడువు అయ్యాక అదే సినిమా మామూలు రేటుకే చూడొచ్చు.

చిన్న సినిమాకి ఆ వీలు లేదు. వీకెండ్‌లో జనం రాకపోతే సోమవారం నుంచి షోలు కట్!

2025 మార్చి 14న వచ్చిన 'కోర్ట్'నే చూడండి. పెద్ద స్టార్ లేడు. పోక్సో కేసు, లాయర్‌గా ప్రియదర్శి.. అంతే. సెప్టెంబర్ 5న అనుష్క 'ఘాటి'తో పాటే దిగింది 'లిటిల్ హార్ట్స్'. ఈ రెండు చిన్న సినిమాలూ హిట్టయ్యాయంటే, ముందుగా చూసినవాళ్ల మౌత్ టాకే కారణం.

అందుకే నా లెక్క సింపుల్. మన హీరో సినిమా ఎక్కడికీ పోదు. చిన్న సినిమా ట్రైలర్ నచ్చిందా? శుక్రవారమే వెళ్లిపోండి!