చెవికి చెప్పు కథ

1924వ సంవత్సరము జనవరి 15వ తేదీ రాత్రి లండను నగరమునుండి బి.బి.సి. వారు ఒక చిన్న నాటకమును ప్రసారము చేసిరి. పేరు ‘డేంజర్’, అనగా అపాయము. రచయిత రిచర్డు హ్యూస్. వేల్సు దేశమునందలి బొగ్గుగనిని చూడబోయినవారు లోపలనుండగా దీపము లాఱిపోవును; పిమ్మట గనిలోనికి నీరు ప్రవేశించును. రేడియో కొఱకే వ్రాయబడిన నాటకములలో దీనిని మొదటిదిగా చెప్పుచుందురు.

హ్యూస్ పన్నిన యుపాయము నాలోచింపుడు. శ్రోతకు కనబడునది లేదు. పాత్రలకును కనబడునది లేదు. ఇరువురును సమానులైరి. దీనినే రంగస్థలముపై ఆడవలెనన్న ప్రేక్షకులను చీకటిలో కూర్చుండబెట్టవలెను. కొంతసేపటికి ప్రక్కవానితో ముచ్చట మొదలగును. రేడియోకు మాత్రము లోపమే సొత్తయినది.

మన రచయితలు పలువురు ఈ సూక్ష్మమును గమనింపక, రంగస్థల నాటకమునే కన్నులు మూసికొని వ్రాసినట్లు వ్రాసిరి. “అదిగో, మీ తండ్రిగారు నల్లని శాలువ కప్పుకొని గుఱ్ఱముపై వచ్చుచున్నారు” అని ఒక పాత్ర చెప్పును. లోకమున నెవరైన నట్లు మాటలాడుదురా? మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఏర్పడిన పిమ్మట మంచి నాటకములు రాకపోలేదు. విజయవాడనుండి వినిపించిన కన్యాశుల్కమును నేటికిని తలచుకొనువారు కలరు. గిరీశమును చూడనక్కఱలేదు, ఆ మాటల పోకడలోనే చుట్టపొగ కానవచ్చును.

హరికథకుని సంగతి వేఱు. సభ ఆవులించుట ఆయనకు కనబడును. వెంటనే ఒక పిట్టకథ నెత్తుకొనును. బుఱ్ఱకథలో వంత పాడువాడు ప్రక్కనుండి ప్రశ్నించి కథను నడిపించును. రేడియోలో చెప్పువానికి సభయు లేదు, వంతయు లేదు. వేలమంది వినుచున్నను ఒక్కొక్క యింటి వసారాలో ఒకరిద్దఱితో మాటలాడినట్లే చెప్పవలెను. గొంతెత్తి ఉపన్యసించిన చెల్లదు.

మఱియొక చిక్కు గలదు. రంగస్థలముపై మాటలాడక నిలిచిన మనిషి నిలిచియే యుండును. రేడియోలో మాట లేనివాడు లేనివాడే. తండ్రికొడుకులు తగవులాడుచుండగా తల్లి మౌనముగా వినుచున్నదని తెలియవలెనన్న, ఆమె దగ్గవలెను, లేదా ఎవరైన ఆమెను పిలువవలెను. నాలుగైదు గొంతులు మించిన ఎవరెవరో పోల్చుకొనుట కష్టము. పుస్తకమైన పుట వెనుకకు త్రిప్పవచ్చును. గాలిలో పోయిన మాటను ఎక్కడ వెదకుదుము?

ఈ శక్తికి వెఱవవలసిన పార్శ్వమును కలదు. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు, అంగారక గ్రహవాసులు దండెత్తి వచ్చిన హెచ్.జి. వెల్స్ నవలను వార్తా ప్రకటనల రూపమున ప్రసారము చేయించెను. విన్నవారిలో కొందఱు నిజమని నమ్మిరి. మఱునాడు పత్రికలు దేశమంతయు పరుగులు పెట్టినట్లు వ్రాసినవి. అది మిక్కిలి యతిశయోక్తియని తరువాతి పరిశోధకులు తేల్చిరి. తమ ప్రకటనల రాబడిని రేడియో లాగికొనుచున్నదని ఆనాటి పత్రికలకు దానిపై కడుపుమంట యుండెను. ఈ మాట పత్రికలోనే వ్రాయవలసివచ్చినందుకు మాకు కొంత సిగ్గే.

అయినను నమ్మినవారు ఏల నమ్మిరి? పుస్తకమునకు అట్ట కలదు, నాటకమునకు తెర కలదు, చలనచిత్రమునకు టిక్కెట్టు కలదు. రేడియోకు గుమ్మము లేదు. నడుమ వచ్చి వినువానికి అది కథయో వార్తయో తెలియు దారి లేదు. ఇది నాటకమని వెల్స్ బృందము ఆరంభముననే ప్రకటించెను. మరల నా మాట చెప్పుటకు రమారమి నలువది నిమిషములు పట్టినది. అప్పటికే పోలీసు ఠాణాలలో టెలిఫోనులు మ్రోగుచుండెను.