క్షేత్ర ప్రయోగ దత్తాంశాలను కమాండ్ లైన్ ద్వారా సర్వరుకు పంపే విధానం

4 పునరావృతులు, 10 ట్రీట్‌మెంట్లు గల చిన్న ప్రయోగంలోనే ఒక్కో పరిశీలనకు 40 మడుల కొలతలు నమోదు చేయవలసి ఉంటుంది. వీటిని వెబ్ ఫారంలో ఒక్కొక్కటిగా నింపితే కాలయాపనతో పాటు పొరపాట్లకూ ఆస్కారం ఎక్కువ. ఫారం చేసే పనిని కమాండ్ లైన్ నుండే నిర్వహించే ఉచిత సాధనం ‘కర్ల్’. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ దీనిని 1998లో ఈ పేరుతో విడుదల చేశారు. 2018 నుండి విండోస్ 10లోనూ ఇది లభిస్తున్నది. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో సూచించినప్పటికీ, టైపు చేయునప్పుడు ఆంగ్ల అక్షరాలనే వాడాలి.

ఫారం ప్రయాణించే తీరు

ఫారంలోని ప్రతి గడికి ఒక పేరు, ఒక విలువ ఉంటాయి. బ్రౌజరు వీటిని ‘పేరు=విలువ’ జంటలుగా కూర్చి, జంటల మధ్య & గుర్తు ఉంచి, సాధారణంగా పోస్ట్ పద్ధతిలో సర్వరుకు పంపుతుంది. కర్ల్‌లో ‘--డేటా’ ఐచ్ఛికం ఇదే పని చేస్తుంది. అయితే బ్రౌజరు వలె ప్రత్యేక గుర్తులను సంకేతాలుగా మార్చదు.

ప్లస్ గుర్తుతో చిక్కు

అంతర పంటను మనం ‘వేరుశనగ+కంది’ అని రాస్తాం. ఫారం సంకేత పద్ధతిలో + గుర్తుకు ఖాళీ అని అర్థం. కనుక ‘--డేటా’తో పంపినది ‘వేరుశనగ కంది’గా నమోదవుతుంది. ‘జింక్&బోరాన్’ అని పంపితే ‘జింక్’ మాత్రమే మిగిలి, తక్కినది వేరొక గడిగా పరిగణింపబడుతుంది. కొన్ని మడులు బ్రౌజరు ద్వారా, కొన్ని కర్ల్ ద్వారా నమోదైతే ఒకే ట్రీట్‌మెంట్ రెండు పేర్లతో కనిపించి, గణాంక విశ్లేషణ ఫలితమే తారుమారవుతుంది.

దీనికి పరిష్కారం ‘--డేటా-యూఆర్ఎల్ఎన్‌కోడ్’ ఐచ్ఛికం. ఇది విలువలోని గుర్తులను % సంకేతాలుగా మారుస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు కనుక ‘వరి’ అనే పదం 27 అక్షరాలుగా మారుతుంది. సర్వరు దానిని తిరిగి ‘వరి’గానే గ్రహిస్తుంది.

దస్త్రాలు పంపునప్పుడు

‘--డేటా’తో దస్త్రాన్ని జతపరిస్తే వరుసల మధ్య విరామాలు తొలగిపోతాయి. 40 వరుసల పట్టిక ఒకే వరుసగా చేరుతుంది. పట్టికలకు, తెగులు సోకిన ఆకుల ఛాయాచిత్రాలకు ‘--ఫారం’ ఐచ్ఛికం అనుకూలం.

పాటించవలసిన జాగ్రత్తలు

1. సర్వరు 500 వంటి దోష సంఖ్య పంపినా కర్ల్ దానిని వైఫల్యంగా పరిగణించదు. ‘--ఫెయిల్’ చేర్చితే 22 అనే నిష్క్రమణ సంఖ్యతో వైఫల్యం తెలుస్తుంది.

2. జవాబు రాకముందే నెట్‌వర్క్ తెగిపోతే నమోదు జరిగి ఉండవచ్చు. మరల పంపితే రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం ఉంది. మడి సంఖ్య, తేదీ కలిపి ప్రతి నమోదుకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చి, అదే గుర్తింపు మరల వస్తే సర్వరు తిరస్కరించే ఏర్పాటు చేయాలి.

3. పాస్‌వర్డును ఆదేశంలో రాస్తే ఆదేశాల చరిత్రలో నిలిచిపోవచ్చు. దానిని విడి దస్త్రంలో భద్రపరచి ‘--కాన్ఫిగ్’ ద్వారా అందించాలి.

పంటకాలానికి ముందే +, &, తెలుగు అక్షరాలు గల ఒక పరీక్ష నమోదును పంపి, సర్వరులో చేరిన రూపాన్ని క్షేత్ర పుస్తకంతో సరిచూసుకోవాలి. కోత పూర్తయిన పిమ్మట ఆ మడిని మరల కొలవలేము.