‘హ్యావ్’ అంటే ‘ఉంది’ ఒక్కటేనా? ఓ కుర్రాడి ఉరి కేసులో కీలకమైన చిన్న మాట!

‘హ్యావ్’ అంటే ‘కలిగి ఉండటం’. స్కూల్లో చాలామంది ఇలాగే బట్టీ పట్టి ఉంటారు. కానీ ‘నేను ఇల్లు కలిగి ఉన్నాను’ అని తెలుగులో ఎవరైనా అంటారా? ‘నాకు ఇల్లుంది’ అంటాం, అంతే. ఈ మాటకి అచ్చంగా సరిపోయే క్రియ మనకి విడిగా లేదు. అసలు తిప్పలు అక్కడే మొదలు.

‘హ్యావ్ టీ’ అంటే టీ తాగడం. ‘హ్యావ్ ఎ బేబీ’ అంటే బిడ్డని కనడం. ‘ఐ హ్యావ్ టు గో’ అంటే వెళ్లక తప్పదని. ‘ఐ హ్యాడ్ కట్ మై హెయిర్’ అంటే జుట్టు సొంతంగా కత్తిరించుకున్నట్టు. అదే ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ అంటే సెలూన్‌లో చేయించుకున్నట్టు. మాటలు అవే, వరుస మారిందంతే! మనవాళ్లు తరచూ అనే ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ మాత్రం తప్పు. ‘హ్యావింగ్ లంచ్’ అనొచ్చు, ఎందుకంటే తినడం జరుగుతున్న పని. అన్నదమ్ములు ఉండటం పని కాదు కదా.

ఇంటర్వ్యూలో అయితే ఇది చిన్న పొరపాటే. లండన్‌లో మాత్రం ఇదే మాట ఒకరి ప్రాణం మీదకి వచ్చింది.

1952 నవంబర్ 2 రాత్రి. క్రాయిడన్‌లోని ఓ గోడౌన్‌లో దొంగతనానికి 19 ఏళ్ల డెరెక్ బెంట్లీ, 16 ఏళ్ల క్రిస్టఫర్ క్రెయిగ్ వెళ్లారు. తుపాకీ క్రెయిగ్ చేతిలో ఉంది. పోలీసులు చుట్టుముట్టగానే బెంట్లీ ‘లెట్ హిమ్ హ్యావ్ ఇట్, క్రిస్’ అని అరిచాడని పోలీసులు సాక్ష్యం చెప్పారు. క్రెయిగ్ కాల్పుల్లో సిడ్నీ మైల్స్ అనే కానిస్టేబుల్ చనిపోయారు.

ఆ మాటకి ‘తుపాకీ ఆయనకి ఇచ్చెయ్’ అనే అర్థం ఉంది. ‘కాల్చెయ్’ అనే అర్థమూ ఉంది. మనం ‘వాడికి ఒకటిచ్చెయ్’ అంటే లడ్డూ కావొచ్చు, చెంపదెబ్బా కావొచ్చు. అలాంటిదే ఇదీ. ప్రాసిక్యూషన్ రెండో అర్థాన్నే పట్టుకుంది. అసలు ఆ మాటే అనలేదని నిందితులిద్దరూ కోర్టులో చెప్పినా ఫలితం లేకపోయింది.

కాల్చిన క్రెయిగ్‌కి 18 ఏళ్లు నిండకపోవడంతో ఉరి తప్పింది. కాల్చని బెంట్లీని, జ్యూరీ దయ చూపమని సిఫార్సు చేసినా, 1953 జనవరి 28న ఉరితీశారు. అతని కుటుంబం దశాబ్దాల పాటు పోరాడింది. చివరికి 1998 జులై 30న అప్పీల్ కోర్టు ఆ శిక్ష చెల్లదని తీర్పిచ్చింది. జ్యూరీకి జడ్జి చేసిన సూచనలు న్యాయంగా లేవన్నది ప్రధాన కారణం. ‘హ్యావ్ ఇట్’ అర్థం సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.