పెల్లాగ్రా

పెల్లాగ్రా అనేది నియాసిన్ (విటమిన్ బి3) లోపం వలన కలిగే వ్యాధి. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చలించడం దీని ముఖ్య లక్షణాలు. పిచ్చిగా కనిపించే స్థితికి మెదడులోని లోపమే కారణం కాగలదని నిరూపించిన వ్యాధులలో ఇది ఒకటి.

మానసిక లక్షణాలు

మొదట నిద్రలేమి, దిగులు, చిరాకు, మతిమరుపు కనిపిస్తాయి. వ్యాధి ముదిరితే భ్రాంతులు, మతి తప్పడం కలుగుతాయి. మెదడు కణాలు శక్తిని పొందడానికి నియాసిన్ అవసరం. అది చాలనప్పుడు అవి దెబ్బతింటాయి. దయ్యం పట్టిందని భావించి చికిత్స చేయించకపోతే ప్రాణాపాయం కలుగవచ్చు.

దక్కన్ పీఠభూమిలో

అనంతపురం వంటి కరువు సీమలలో ఒకప్పుడు జొన్న పేదల ముఖ్యాహారం. దక్కన్‌లో జొన్న తినే పేదలలో ఈ వ్యాధి కనిపించేది. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చునని హైదరాబాదులో పరిశోధన చేసిన సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఈ వాదాన్ని తరువాతి పరిశోధకులందరూ అంగీకరించలేదు.

చికిత్స, నివారణ

1937లో ఎల్వెజెమ్ బృందం పరిశోధనతో నియాసిన్ ఈ వ్యాధికి మందు అని తేలింది. సకాలంలో ఇస్తే మతి చాలావరకు కుదుటపడుతుంది. అయితే ఇతర మానసిక రోగాలకు ఇది మందు కాదు. పప్పులు, మాంసం, అనంతపురం నేలలో పండే వేరుశనగ నియాసిన్‌ను అందిస్తాయి.