కన్నుంటే చాలదు... చూపుండాలి!

తలుపుకి తాళం వేసి షిఫ్టుకి వెళ్లేవాళ్లు, అమ్మానాన్నల్ని ఊళ్లో ఉంచి పట్నంలో కొలువు చేసేవాళ్లు... అందరి మనసూ ఇప్పుడు సీసీ కెమెరాల మీదే. మరి, తక్కువ ఖర్చులో పల్లెటూరి ఇంటికి పనికొచ్చేదాన్ని ఎంచుకోవడమెలా?

తెల్లవారుజామున అయిదు దాటితే చాలు, పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో కంపెనీ బస్సుల సందడి మొదలవుతుంది. ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, బొల్లారం... ఎక్కడ చూసినా మొదటి షిఫ్టువాళ్లు ఎక్కుతుంటారు, రాత్రి షిఫ్టువాళ్లు దిగుతుంటారు. ఒకప్పుడు ఊళ్లోకి తెలియని మనిషి వస్తే అరుగు మీది పెద్దాయన 'ఎవరింటికి బిడ్డా?' అని అడిగేవాడు. ఇప్పుడు ఒడిశా నుంచీ బిహార్ నుంచీ బతుకుదెరువుకి వచ్చినవాళ్లూ మన కిరాయి గదుల్లోనే ఉంటున్నారు. ఎవరు ఊరివాళ్లో ఎవరు కాదో చెప్పడం కష్టం. ఆ పెద్దాయన చేసిన పనిని కెమెరాకి అప్పగిద్దామని చాలామంది ఆశ. దుకాణానికెళ్తే 'నాలుగు కెమెరాల సెట్టు తీసుకోండి సార్, ఇల్లంతా కనిపిస్తుంది' అంటారు. చిక్కంతా అక్కడే. ఇల్లంతా కనిపిస్తుంది కానీ, వచ్చిందెవరో మాత్రం కనిపించదు!

ముఖం చిక్కాలి

కెమెరా కాపలాదారు కాదు, సాక్షి. సాక్షి 'ఎవరో వచ్చారండీ' అంటే ఏం లాభం? ఫలానా మనిషి అని చెప్పగలగాలి. అందుకు మెగాపిక్సెళ్లకన్నా లెన్సూ దూరమూ ముఖ్యం.

ఇళ్లకు ఎక్కువగా అమ్మేది 2 మెగాపిక్సెల్, 2.8 మి.మీ. లెన్సు ఉన్న కెమెరా. వాకిలంతా ఒకే చూపులో పడుతుంది. కానీ తెలియని మనిషి ముఖాన్ని స్పష్టంగా గుర్తుపట్టాలంటే అతను దాదాపు మూడు మీటర్లలోపు ఉండాలి. అదే 3.6 మి.మీ. అయితే నాలుగు మీటర్ల పైచిలుకు. ఆపైన మనిషి వచ్చాడని తెలుస్తుంది, అంతే. పెట్టె మీద రాసే 'రాత్రి 30 మీటర్లు' అన్నది కూడా పరారుణ కాంతి పడే దూరమే తప్ప ముఖం పోల్చుకునే దూరం కాదు.

కాబట్టి మొదటి కెమెరా గేటు దగ్గరో దర్వాజ దగ్గరో ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో పెట్టాలి. రెండో అంతస్తు పిట్టగోడకు బిగిస్తే తలలూ టోపీలే కనిపిస్తాయి. రెండోది దొడ్డివైపు. బోరు మోటారు, బండి ఉండే చోటు మూడోది. అక్కడితో ఆపినా చాలు. మిగిలిన డబ్బుతో గేటు దగ్గర మంచి లైటు పెట్టించండి. వెలుతురు ఉంటే చౌక కెమెరా కూడా బాగానే చూస్తుంది.

వైరా... వైఫైయా?

కొనేముందు ఇంట్లో ఇంటర్నెట్ ఎలా ఉందో చూసుకోవాలి. బ్రాడ్‌బ్యాండ్ ఉండి, చిన్న ఇల్లయితే వైఫై కెమెరా తేలిక. సుమారు రెండు వేల రూపాయల నుంచీ దొరుకుతాయి. మెమరీ కార్డు వేస్తే అందులోనే రికార్డవుతుంది. కానీ దొంగ కెమెరాను పీక్కుపోతే సాక్ష్యమూ దాంతోపాటే పోతుంది.

నెట్ సరిగా లేని ఊళ్లో వైరు పద్ధతే మేలు. కెమెరాల నుంచి '3+1' కేబుల్ డీవీఆర్‌కి వస్తుంది. నెట్ ఉన్నా లేకున్నా రికార్డింగ్ ఆగదు. డీవీఆర్‌ని టీవీ పక్కన కాకుండా అల్మారాలో, గాలి ఆడేలా దాచాలి. మన ఊళ్లలో ఇంకో బెడద కోతులు. వేలాడే వైరు కనిపిస్తే ఊయలూగుతాయి. గోడ వెంట పైపులోంచి వేయించడం తప్పనిసరి.

పొలం దగ్గరి షెడ్డుకైతే సిమ్ కార్డుతో, సోలార్ పలకతో నడిచేవి ఉన్నాయి. వీటితో డేటా జాగ్రత్త. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు చూస్తే 450 ఎంబీ అయిపోతుంది. కదలిక ఉన్నప్పుడే పంపేలా పెట్టుకోవాలి.

కరెంటు పోతే?

గాలివాన వస్తే మొదట పోయేది కరెంటే. మూడు నాలుగు కెమెరాలూ డీవీఆర్ కలిపి 40 వాట్లకు మించవు. అంటే ఒక బల్బంత. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైనుకే కలిపించండి. రూటర్‌ని మరిచిపోవద్దు. ఇన్వర్టర్ లేకపోతే 12 వోల్టుల, 7 ఏహెచ్ చిన్న బ్యాటరీతో పనిచేసే బ్యాకప్ గంటన్నర, రెండు గంటలు ఆదుకుంటుంది.

హార్డ్‌డిస్క్ లెక్కా తెలిసి ఉండాలి. కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకి సుమారు 21 జీబీ. నాలుగు కెమెరాలకు ఒక టీబీ డిస్క్ 11 రోజులకు నిండుతుంది. ఆ తర్వాత పాతది చెరిగిపోతుంటుంది. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చేవాళ్లకు అది బొటాబొటీ. రెండు టీబీలు పెట్టుకుంటే నిశ్చింత. మూడు కెమెరాలే అయితే ఒక టీబీ కూడా రెండు వారాలు వస్తుంది.

తాళం మార్చారా?

కొత్త ఇంటికి తాళం మార్చినట్టే కెమెరాకు పాస్‌వర్డ్ మార్చాలి. 2016 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. కంపెనీ పెట్టిన పాస్‌వర్డులతోనే వదిలేసిన కెమెరాలూ రూటర్లూ వేలాదిగా 'మిరాయ్' అనే వైరస్ చేతిలో పడ్డాయి. వాటితో 'డిన్' అనే సంస్థ మీద దాడి చేస్తే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మొరాయించాయి. తమ కెమెరా ఆ పని చేస్తోందని చాలామంది యజమానులకు తెలియనే తెలియదు! బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోన్ నంబరుతో యాప్ తెరిచి వెళ్లిపోవడం మామూలే. అలా కాకుండా ఖాతా మీ పేరుతోనే ఉండేలా చూసుకోండి.

2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను కేంద్రం తప్పనిసరి చేసింది. పెట్టె మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు, బిల్లు, వారంటీ అడిగి తీసుకోవాలి. మన తెలుగు నేల మీదే, కడప దగ్గర కొప్పర్తిలో ఈ కెమెరాలు తయారవుతున్నాయి కూడా.

పక్కింటివైపు వద్దు

భద్రత పేరుతో పక్కింటి వాకిలి, కిరాయిదారుల తలుపు, స్నానాల గది దారి కెమెరాలో పడితే కొత్త తగాదా కొనుక్కున్నట్టే. కలకత్తాలో ఉమ్మడి ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల మధ్య ఇదే గొడవ కోర్టుకెక్కింది. ఇంట్లో కలిసి ఉంటున్నవారి అంగీకారం లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని హైకోర్టు చెప్పింది. 2025లో సుప్రీంకోర్టూ అందులో జోక్యం చేసుకోలేదు.

వీధి సంగతి వీధివాళ్లంతా కలిసి చూసుకోవచ్చు. తెలంగాణ పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం ఉద్దేశం అదే. పది ఇళ్లవాళ్లు తలా కొంచెం వేసుకుని వీధి మొదట్లో, చివర్లో రెండు మంచి కెమెరాలు పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, అనుమానాలూ తగ్గుతాయి.

అనుకోనిది జరిగితే...

* రికార్డింగ్ చెరిగిపోకముందే పోలీసులకు చెప్పాలి. వాట్సాప్‌లో తిప్పిన ముక్క చాలదు, అసలు డీవీఆర్‌ని కదపకుండా ఉంచాలి.

* కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. ఈ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది.

* డీవీఆర్‌లో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో నెలకోసారి చూడాలి. గడియారం తప్పితే సాక్ష్యమూ తడబడుతుంది.

* పదిహేను రోజులకోసారి అద్దం తుడవాలి. రాత్రివేళ పరారుణ కాంతి సాలెగూడు మీద పడితే తెర అంతా తెల్లగా మారిపోతుంది.

* నెలకోరోజు రాత్రి మీరే గేటు దాకా నడిచి, ఆ రికార్డింగ్ ఇంట్లోవాళ్లకు చూపించండి. మిమ్మల్ని గుర్తుపట్టలేకపోతే, కెమెరా చోటు మార్చాల్సిందే. లేదంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే!